చాక్ పెయింట్‌కి, వ్యాక్స్‌కి బ్రష్షులు: ఎలా ఎంచుకోవాలి, ఎలా కాపాడుకోవాలి

చాక్ పెయింట్ (చెక్క సామానుకి వేసే, సుద్దలా మెరుపు లేకుండా ఆరే నీటి రంగు) గురించి, దాని మీద రక్షణగా రుద్దే వ్యాక్స్ గురించి ఎప్పుడు రాసినా రెండు ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. "ఏ బ్రష్ కొనమంటారు?" అన్నది మొదటిది. "మంచి బ్రష్షే కొన్నాను, రెండు కుర్చీలకి రంగు వేసేసరికి చీపురులా విచ్చుకుపోయింది, ఎందుకు?" అన్నది రెండోది. రెండోదానికి జవాబు తెలిస్తే మొదటిది సగం తేలిపోతుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

బ్రష్ పాడయ్యేది కొనల దగ్గర కాదు. వెంట్రుకలన్నిటినీ కట్టకట్టి పిడికి బిగించే రేకు పట్టీ ఉంటుంది చూశారా, పాడయ్యేది దాని లోపల. రంగు అక్కడిదాకా పాకి గట్టిపడితే వెంట్రుకల్ని లోపలి నుంచి పక్కలకి నెట్టేస్తుంది. నీళ్లు అక్కడ నిలిస్తే జిగురు వదులవుతుంది, చెక్క పిడి ఉబ్బుతుంది, రేకు తుప్పు పడుతుంది. కొనడం, ముంచడం, కడగడం, ఆరబెట్టడం, ఏ పనిలోనైనా ఆ పట్టీని కాపాడుకోవడమే అసలు సంగతి.

ఏమేం కావాలి

- రంగుకి ఒక పెద్ద బ్రష్. కోడిగుడ్డు ఆకారంలో గుబురుగా ఉండేది గానీ, 2 అంగుళాల చదునుది గానీ.
- మూలలకి, కుర్చీ కాళ్లకి, సొరుగుల అంచులకి 1 లేదా ఒకటిన్నర అంగుళాల బ్రష్. కొనలు ఏటవాలుగా కోసి ఉంటే మరీ మంచిది.
- రంగులేని వ్యాక్స్‌కి గుండ్రటి బ్రష్ ఒకటి. ముదురు రంగు వ్యాక్స్ కూడా వాడతారనుకుంటే దానికి ఇంకొకటి.
- గిన్నెలు కడిగే లిక్విడ్ సోప్ లేదా బ్రష్షులు కడిగే సబ్బు, గోరువెచ్చని నీళ్లు, పళ్లు కాస్త ఎడంగా ఉన్న పాత దువ్వెన.
- నూగు రాలని నూలు గుడ్డలు, పాత న్యూస్‌పేపర్లు, ప్లాస్టిక్ కవర్లు, రబ్బరు బ్యాండ్లు.
- కొద్దిగా టర్పెంటైన్. ఇది రోజూ పనికొచ్చేది కాదు, వ్యాక్స్ మొండికేసినప్పుడు వాడటానికి.

రంగు బ్రష్ వ్యాక్స్‌కి, వ్యాక్స్ బ్రష్ రంగుకి ఎప్పుడూ వాడకండి. కడిగాక కూడా వద్దు. వెంట్రుకల్లో మిగిలిన కాస్త వ్యాక్స్ రంగులోకి దిగితే అక్కడ రంగు చెక్కకి అంటుకోదు. ఒకటి రెండు రోజులు బాగానే కనిపించి, ఆ తర్వాత పొరలా లేచి వస్తుంది. పిడుల మీద మార్కర్‌తో "రంగు", "వ్యాక్స్" అని ఇప్పుడే రాసేయండి. పని హడావుడిలో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ముందు ఎలాంటి ఫినిష్ కావాలో తేల్చుకోండి

బ్రష్షుల్లో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి పంది వెంట్రుకలతో చేసేది, రెండోది నైలాన్, పాలియెస్టర్ లాంటి కృత్రిమ పోగులతో చేసేది. రెండూ కలిపి చేసినవీ దొరుకుతాయి.

నీటి రంగులకి కృత్రిమ పోగుల బ్రష్షే వాడాలని మీరు వినే ఉంటారు. పల్చటి రంగుల విషయంలో అది నిజమే, ఎందుకంటే సహజ వెంట్రుకలు నీళ్లు పీల్చుకుని మెత్తబడి వాలిపోతాయి. చాక్ పెయింట్ అలా కాదు. నీటితో కలిపేదే అయినా చిక్కగా ఉంటుంది. ఆ చిక్కదనాన్ని మోసుకుపోవాలంటే పంది వెంట్రుకలకున్న బిగువు కావాలి.

బ్రష్ గీతలు కాస్త కనిపిస్తూ, పాతకాలం సామానులా ఉండాలనుకుంటే సహజ వెంట్రుకల బ్రష్ తీసుకోండి. తర్వాత ముదురు వ్యాక్స్ వేస్తే అది ఆ గీతల్లో దిగి అందాన్నిస్తుంది. గీత కనిపించకుండా నున్నగా రావాలంటే మాత్రం మెత్తటి కృత్రిమ పోగుల బ్రష్ కావాలి. పెద్ద బల్ల పైభాగాలకి సన్నటి స్పాంజ్ రోలర్ ఇంకా సులువు. రెండు పనులకీ ఒక్క బ్రష్షే కావాలంటే నేను చెప్పేది ఒకటే: సహజ వెంట్రుకల బ్రష్ కొనండి, రెండో కోటు రంగులో కాసిని నీళ్లు కలపండి. గీతలు చాలావరకు సర్దుకుంటాయి. కృత్రిమ పోగులతో పాతకాలపు గరుకుదనం తెప్పించడం అంతకంటే కష్టం.

ఆకారం సంగతికొస్తే, గుండ్రటివి, కోడిగుడ్డు ఆకారంవి ఎక్కువ రంగు పట్టుకుంటాయి. చెక్కిన నగిషీల్లోకి, కమ్మీల చుట్టూ బాగా దూరతాయి. చదునైన తలుపులకి, సొరుగుల ముఖాలకి చదును బ్రష్ చాలు.

కొనేటప్పుడు చేత్తో పట్టుకుని చూడాల్సినవి

ఒక వెంట్రుక కొనని వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి. మంచి పంది వెంట్రుక కొన ఒకటిగా ఉండదు, రెండు మూడు సన్నటి పాయలుగా చీలి ఉంటుంది. రంగుని పట్టి ఉంచేదీ, మెల్లగా వదిలేదీ ఆ పాయలే. కొనలన్నీ కత్తెరతో కోసినట్టు మొద్దుగా ఉంటే ఆ బ్రష్ లోతైన గీతలు పెడుతుంది.

తర్వాత వెంట్రుకల్ని అరచేతికి ఆనించి వంచండి. వదలగానే నిటారుగా లేవాలి. వంగి అలాగే ఉండిపోతే చిక్కటి రంగుని తోయలేదు. రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగండి. ఒకటి రెండు వెంట్రుకలు ఊడితే ఫర్వాలేదు, కొత్తవాటికి అది మామూలే. చిన్న కట్ట చేతికొస్తే అక్కడే పెట్టేయండి. ఇప్పుడు వెంట్రుకల్ని విడదీసి పట్టీ దగ్గర మధ్యలోకి చూడండి. చవక బ్రష్షుల్లో అక్కడ ఖాళీ చాలా ఎక్కువగా ఉంటుంది, చుట్టూ పల్చటి వరసలే ఉంటాయి. గుబురుగా కనిపించినా రంగు మోయలేవు. చివరగా పట్టీని పట్టుకుని పిడి కదిపి చూడండి, ఆడకూడదు.

ఆన్‌లైన్‌లో కొంటే ఇవేవీ చూడలేరు కదా. అప్పుడు కొలతలు చూడండి. వెంట్రుకల పొడవు రాసి లేని బ్రష్ జోలికి పోవద్దు. పొట్టి వెంట్రుకలైతే రంగు నేరుగా పట్టీలోకి వెళ్తుంది.

వ్యాక్స్ బ్రష్‌కి కావలసిన గుణాలు వేరు. దట్టంగా, కాస్త పొట్టిగా, గట్టిగా ఉండాలి, ఎందుకంటే వ్యాక్స్‌ని పూయడం కాదు, రంగులోకి రుద్దాలి. కొన మొనదేలిన రకం నగిషీల్లోకి వెళ్తుంది, చదునుగా కోసిన రకం బల్లల మీద హాయిగా ఉంటుంది. ఒక్కటే కొంటే మొనదేలినది కొనండి. బ్రష్ లేకపోయినా పని ఆగదు. చదునైన సామాను మీద నూగు రాలని గుడ్డతోనే వ్యాక్స్ చక్కగా పడుతుంది.

రంగు పని, అంచెలంచెలుగా

1. కొత్త బ్రష్‌ని వాడే ముందు కడగండి. సబ్బు నీళ్లలో కడిగి, జాడించి, పూర్తిగా ఆరనివ్వండి. ఆరాక అరచేతి మీద నాలుగైదుసార్లు కొట్టి, దువ్వెనతో దువ్వండి. వదులుగా ఉన్న వెంట్రుకలు ఇక్కడే రాలిపోతాయి, మీ బీరువా తలుపు మీద కాదు.

2. రంగుని డబ్బాలోంచి చిన్న గిన్నెలోకి ఒంపుకోండి. డబ్బాలోనే ముంచుతూ పోతే మూత తెరిచి ఉన్నంతసేపూ రంగు చిక్కబడుతుంది. పైగా బ్రష్‌కి అంటిన దుమ్ము డబ్బాలో చేరుతుంది.

3. బ్రష్ కొనల్ని నీళ్లలో తడిపి, గుడ్డతో గట్టిగా ఒత్తేయండి. చెమ్మ మాత్రమే ఉండాలి, నీళ్లు కారకూడదు. పొడి వెంట్రుకల్లో రంగు పైదాకా పాకి ఎండిపోతుంది. చెమ్మగా ఉంటే కడగడం కూడా తేలిక.

4. వెంట్రుకల పొడవులో మూడో వంతు వరకే ముంచండి. ఎక్కువైన రంగుని గిన్నె గోడకి మెల్లగా తట్టి వదిలించండి. అంచుకి గీరితే వెంట్రుకలు వంగుతాయి, రంగు పట్టీ వైపు తోసుకుపోతుంది.

5. మొదటి కోటు ఎటు వేసినా నష్టం లేదు. గరుకుదనం కావాలంటే అడ్డదిడ్డంగా వేయండి, నున్నగా కావాలంటే చెక్క గీతల వెంట వేయండి. రెండో కోటుకి, రంగు బ్రష్‌ని పట్టి లాగుతున్నట్టు అనిపిస్తే, కొద్దిగా నీళ్లు కలపండి. ఒకేసారి ఎక్కువ పోయకండి, చెంచాడు చొప్పున కలుపుతూ చూసుకోండి.

6. ఆరడం మొదలైన చోటికి బ్రష్ మళ్లీ తీసుకెళ్లకండి. చాక్ పెయింట్ చాలా త్వరగా జిగటబడుతుంది. అప్పుడు రుద్దితే కింది పొర లేచి ఉండలు కడుతుంది. ఖాళీ కనిపించినా వదిలేయండి, రెండో కోటులో కప్పుకుపోతుంది.

7. రంగులో వెంట్రుక ఇరుక్కుంటే తడిగా ఉన్నప్పుడే బ్రష్ కొనతో తట్టి పైకి లేపండి. ఆరిపోయి ఉంటే సన్నటి గరుకు కాగితంతో ఆ చోట మెల్లగా రుద్ది తీసేయండి. గోటితో పీకితే గాడి మిగులుతుంది.

8. రెండు కోట్ల మధ్య ఆగాల్సి వస్తే బ్రష్‌కి గాలి తగలకుండా ప్లాస్టిక్ కవర్ గట్టిగా చుట్టి, పట్టీ మీద రబ్బరు బ్యాండ్ వేయండి. గంటో రెండు గంటలో అలా ఉంచవచ్చు. రాత్రంతా ఉంచాల్సి వస్తే కడిగేయడమే మేలు. నీళ్ల గ్లాసులో నిలబెట్టి వదిలేయడం మాత్రం వద్దే వద్దు. కొనలు బరువుకి వంగిపోతాయి, పట్టీలోకి నీళ్లు ఎక్కుతాయి.

ఎండ తగిలే చోట, ఫ్యాన్ కింద పని చేస్తుంటే రంగు వెంట్రుకల మొదట్లో ఎండుతూ ఉంటుంది. పెద్ద బీరువా లాంటిదైతే సగం పనయ్యాక ఒకసారి బ్రష్ కడిగి, ఒత్తి, మళ్లీ మొదలుపెట్టండి.

రంగు బ్రష్ కడగడం

9. ముందు బ్రష్‌లో మిగిలిన రంగుని న్యూస్‌పేపర్ మీద రాసి రాసి వదిలించండి. ఎంత రంగు కాగితానికి పోతే కుళాయి దగ్గర అంత పని తగ్గుతుంది.

10. కొనలు కిందికి ఉండేలా పట్టుకుని గోరువెచ్చని నీళ్ల కింద పెట్టండి. ధార పట్టీ నుంచి కొనల వైపు పారాలి. కొనలు పైకి పెట్టి కడిగితే కరిగిన రంగంతా పట్టీలోకి దిగుతుంది. వేడి నీళ్లు వద్దు. లోపలి జిగురుకి మంచిది కాదు.

11. అరచేతిలో సబ్బు వేసుకుని బ్రష్‌ని అందులో మెల్లగా తిప్పండి. తర్వాత వెంట్రుకల మొదట్లో వేళ్లు దూర్చి, పట్టీ నుంచి కొనల వైపు పిసుకుతూ రండి. దువ్వెన కూడా అటే లాగండి. జాడించి, మళ్లీ సబ్బు పెట్టండి. ఒక్కసారితో సరిపోవడం అరుదు.

12. నీళ్లు తెల్లగా, పాలరంగులో వస్తున్నంతసేపూ బ్రష్ శుభ్రం కానట్టే. కొనల దగ్గర తేట నీళ్లు వచ్చినా మోసపోకండి. పట్టీ దగ్గర రెండు వేళ్లతో గట్టిగా నొక్కి చూడండి. అక్కడి నుంచి వచ్చే బొట్టు కూడా తేటగా ఉన్నప్పుడే ఆపండి. అందరూ తొందరపడేది ఇక్కడే. చీపురు సమస్య మొత్తానికి మూలం కూడా ఇదే.

13. గుడ్డతో ఒత్తి, వెంట్రుకల్ని వేళ్లతో అసలు ఆకారానికి సర్దండి. తర్వాత బల్ల అంచున, వెంట్రుకలు గాల్లో ఉండేలా పడుకోబెట్టండి, లేదా పిడికి రంధ్రం ఉంటే కొనలు కిందికి ఉండేలా వేలాడదీయండి. కప్పులో కొనలు పైకి పెట్టి నిలబెడితే అందంగా కనిపిస్తుంది గానీ నీళ్లన్నీ పట్టీలోకి దిగుతాయి. దట్టమైన బ్రష్ పూర్తిగా ఆరడానికి ఒక రోజు, కొన్నిసార్లు రెండు రోజులు కూడా పడుతుంది.

ఆరిన తర్వాత ఇంకో పరీక్ష ఉంది. ముదురు రంగు గుడ్డ మీద బొటనవేలితో వెంట్రుకల్ని విదిలించండి. తెల్లటి పొడి రాలితే లోపల రంగు మిగిలే ఉంది. మళ్లీ కడగండి. ఆ పొడే తర్వాతి పనిలో మీ నల్ల బల్ల మీద తెల్ల చుక్కలై కనిపిస్తుంది.

వ్యాక్స్ పని

14. రంగు పూర్తిగా ఆరాకే వ్యాక్స్. ఒక రాత్రి ఆగితే నిశ్చింత. డబ్బాలో బ్రష్ నేరుగా ముంచకుండా, చెంచాడు వ్యాక్స్ పళ్లెంలో వేసుకోండి. సామాను మీది రంగు పొడి బ్రష్‌తో పాటు డబ్బాలోకి వెళ్లకుండా ఉంటుంది.

15. కొనలకి కొంచెమే అద్దుకుని, చిన్న చిన్న భాగాలుగా, గుండ్రంగా తిప్పుతూ రుద్దండి. రుద్దిన వెంటనే పొడి గుడ్డతో ఎక్కువైనది తుడిచేయండి. వేలు పెట్టి చూడండి. వేలు సాఫీగా జారితే సరే, అతుక్కుంటున్నట్టుంటే లేదా ముద్ర పడితే వ్యాక్స్ ఎక్కువైంది, ఇంకా తుడవాలి. వ్యాక్స్ ఎన్ని రోజులైనా జిగటగానే ఉందని అడిగేవాళ్లలో చాలామందికి జరిగింది ఇదే. ఎండబెడితే పోయేది కాదు, తుడిస్తేనే పోతుంది.

16. ముదురు వ్యాక్స్ వేయాలంటే ముందు రంగులేని వ్యాక్స్ వేసి ఉండాలి. నేరుగా వేస్తే రంగు దాన్ని పీల్చేసుకుని మచ్చలు పడుతుంది. ఎక్కడైనా మరీ ముదురైపోతే, రంగులేని వ్యాక్స్ గుడ్డకి రాసుకుని రుద్దితే చాలావరకు లేచి వస్తుంది.

మెరుపు కావాలంటే మర్నాడు మెత్తటి గుడ్డతో రుద్దండి. వ్యాక్స్ పూర్తిగా గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, అప్పటిదాకా ఆ సామానుతో కాస్త సుతారంగా ఉండండి.

ఒకవేళ వ్యాక్స్‌కి బదులు నీటి వార్నిష్ వేద్దామనుకుంటే, దానికి కృత్రిమ పోగుల బ్రష్ విడిగా పెట్టుకోండి. వ్యాక్స్ పూసిన దాని మీద వార్నిష్ వేయకండి. పట్టుకోదు.

వ్యాక్స్ బ్రష్ కడగడం

17. పని కాగానే గుడ్డలో బ్రష్‌ని గట్టిగా ఒత్తుతూ తుడవండి. తర్వాత గోరువెచ్చని నీళ్లు, గిన్నెల సబ్బుతో నురగ వచ్చేదాకా పిసకండి. వ్యాక్స్ ఉన్నంతవరకు నురగ సరిగ్గా రాదు. రెండు మూడు విడతల్లో నురగ తెల్లగా, నిండుగా వస్తుంది.

18. అప్పటికీ జిడ్డుగా ఉంటే చిన్న గాజు సీసాలో కొద్దిగా టర్పెంటైన్ పోసి, కొనలు మాత్రమే ముంచి తిప్పండి. గుడ్డలో ఒత్తండి, మళ్లీ సబ్బుతో కడగండి. స్పాంజ్ బ్రష్షుల్ని మాత్రం ఇందులో ముంచకండి, పాడైపోవచ్చు.

జిడ్డు పోయిందో లేదో ఇలా చూడండి: ఆరిన బ్రష్ మీద ఒక నీటి బొట్టు వేయండి. వెంట్రుకల్లోకి ఇంకితే పోయినట్టు. గుండ్రంగా నిలబడి జారిపోతే వ్యాక్స్ ఇంకా ఉంది.

ప్రతివారం వ్యాక్స్ పని చేసేవాళ్లు ప్రతిసారీ కడగక్కర్లేదు. బాగా తుడిచి, కవర్ చుట్టి పెట్టుకుంటే సరిపోతుంది. నెలల తరబడి పక్కన పెట్టేదైతే కడగాల్సిందే, లేకపోతే రాయిలా అవుతుంది.

జాగ్రత్త: టర్పెంటైన్ వాడేటప్పుడు కిటికీలు తెరవండి, గ్లవ్స్ వేసుకోండి, దగ్గర్లో మంట లేకుండా చూసుకోండి. వాడిన టర్పెంటైన్‌ని సింక్‌లో పారబోయకండి. మూత పెట్టి ఉంచితే మురికి అడుక్కి దిగుతుంది, పైన తేరినది మళ్లీ పనికొస్తుంది. అవిసె నూనె లాంటి ఆరే నూనెలు కలిసిన వ్యాక్స్ వాడితే ఇంకా జాగ్రత్త కావాలి. ఆ గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. బయట విడివిడిగా పరిచి పూర్తిగా ఆరాకే పారేయండి.

గట్టిపడిన బ్రష్‌ని బతికించవచ్చా?

రంగు ఎండిపోయి ఒకటి రెండు రోజులే అయితే చాలావరకు బతుకుతుంది. గోరువెచ్చని సబ్బు నీళ్లలో పట్టీ మునగకుండా ఓ అరగంట పెట్టండి. నీళ్ల గ్లాసు వద్దన్నది ఇంతకుముందు చెప్పిందే. ఇక్కడ కూడా బ్రష్‌ని నిలబెట్టకుండా, కొనలు అడుగుకి తగలకుండా క్లిప్పుతో గ్లాసు అంచుకి వేలాడదీయండి. మెత్తబడ్డాక పట్టీ నుంచి బయటికి దువ్వండి. లొంగకపోతే రబ్బింగ్ ఆల్కహాల్‌లో (మందుల షాపులో దొరికే స్పిరిట్) కొనలు కొద్దిసేపు ఉంచి మళ్లీ దువ్వి, సబ్బుతో కడగండి. వెంట్రుకలు వంకరపోయి ఉంటే కడిగాక తడిగా ఉన్నప్పుడే సరిచేసి, మందపాటి కాగితం చుట్టి, వదులుగా దారం కట్టి ఆరనివ్వండి.

పట్టీ లోపల గట్టిపడి, వెంట్రుకలు రెండు పాయలుగా విడిపోతే మాత్రం దానితో నున్నటి పని ఆశించకండి. పారేయనక్కర్లేదు. వెంట్రుకల్ని సగానికి కత్తిరిస్తే గట్టి పొట్టి బ్రష్ అవుతుంది, నగిషీల్లో దుమ్ము దులపడానికి బాగా పనికొస్తుంది.

దాచిపెట్టేటప్పుడు

పూర్తిగా ఆరిన బ్రష్‌నే డబ్బాలో పెట్టండి, చెమ్మ ఉంటే బూజు పడుతుంది. సహజ వెంట్రుకలకి పురుగుల బెడద కూడా ఉంది. ఉన్ని బట్టల్ని కొట్టే పురుగులే వీటినీ తింటాయి. వెంట్రుకలకి కాగితం చుట్టి మూతున్న డబ్బాలో పెట్టండి. రంగు బ్రష్షులు ఒక డబ్బాలో, వ్యాక్స్‌వి ఇంకో డబ్బాలో ఉండాలి. చాలాకాలం తీయకపోతే అప్పుడప్పుడు తీసి చూడండి. కింద వెంట్రుకల ముక్కలు, సన్నటి పొడి కనిపిస్తే పురుగు చేరినట్టే. డబ్బా దులిపి తుడిచి, బ్రష్షులన్నిటినీ సబ్బుతో కడిగి ఆరబెట్టాకే మళ్లీ లోపల పెట్టండి.